కళాశాలకు ముందు నలువది దినములు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



ఈ సభలో మాటలాడుమని కోరినవారు విషయమును నన్నే ఎన్నుకొమ్మనిరి. నేను పండితుడను కాను. ఊరి లెక్కలు వ్రాయువాడను. పట్వారీ పదవి 1984లోనే పోయినది. తరువాత వచ్చిన గ్రామ రెవెన్యూ అధికారి పదవియు 2020లో రద్దయినది. అయినను లెక్క తెగనివారును, కాగితము అర్థము కానివారును నేటికిని నా అరుగుమీదికే వచ్చుచున్నారు. ఊరివారి నోట నేనింకను పట్వారీనే. భారత భాగవతములలో నాకు గల కొలది ప్రవేశమును ఈ గ్రంథాలయపు బీరువాలు పెట్టిన భిక్షయే. కావున నేడును ఏదో పురాణప్రసంగము చేయుదునని కొందరు తలచియుందురు. ఈ దినము అట్లు చేయబోను. ఈ వేసవి కడచినంతనే మన ఊరినుండి పై చదువులకు పోనున్న పిల్లలను గూర్చి నాలుగు మాటలు చెప్పి, కార్యవర్గమువారి యెదుట ఒక మనవి ఉంచెదను.

మన ఊరు మూడు పట్టణముల నడుమ నున్నది. సూర్యాపేటకు పోయినను, కోదాడకు పోయినను, మిర్యాలగూడకు పోయినను కళాశాల కలదు. నల్లగొండలో 2007లో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయము వెలసినది. సూర్యాపేటలో 2019లో ప్రభుత్వ వైద్య కళాశాల తెరువబడినది. మా చిన్ననాట లేని సదుపాయములు నేడు కన్నులయెదుట నున్నవి. ఇంటర్మీడియెట్ పరీక్షలు సాధారణముగా మార్చి మాసముతో ముగియును. పై తరగతులు మొదలగుసరికి ఆషాఢమో శ్రావణమో వచ్చును. ఈ నడుమ మూడు నాలుగు మాసములు మన యిండ్లలో వినబడు మాట ఒక్కటే: సీటు వచ్చినదా? ఎక్కడ వచ్చినది? ఏ శాఖలో వచ్చినది? సీటు వచ్చిన దినమున మిఠాయి పంచెదము. ఆ మరునాటినుండి ఆ బిడ్డకు ఏమి తెలియవలెనో పలుకువారు ఒక్కరును ఉండరు.

అభిమన్యుని కథ మీరెరుగుదురు. వ్యూహములోనికి పోవు త్రోవ ఆతనికి తెలియును. లోపల నిలిచి బయటపడు త్రోవ తెలియదు. ఆతని శౌర్యమున లోపము లేదు. నేర్పవలసిన రెండవ సగమును నేర్పినవారు లేకపోయిరి. మన పిల్లలకు ప్రవేశపరీక్ష నేర్పుచున్నాము. ప్రవేశించిన పిమ్మట మొదటి నూరు దినములు గడపుట నేర్పుటలేదు.

ఇది విని చెప్పుచున్న మాట కాదు. ఇంతవరకు ఈ ఊరిలో ఎవరికిని చెప్పని నా సంగతి నొకటి నేడు చెప్పెదను.

1988లో నేను తెలుగు మాధ్యమమున ఇంటర్మీడియెట్ వాణిజ్యశాస్త్రము మంచి మార్కులతో ముగించి, పట్టణమునందొక కళాశాలలో బి.కాం. తరగతిలో చేరితిని. నా తండ్రి ఎకరము పొలమును కౌలున కిచ్చి ఆ డబ్బుతో రేకు పెట్టె, పరుపుచుట్ట కొని నన్ను బస్సెక్కించెను. తరగతిలో పాఠమంతయు ఇంగ్లీషున సాగెడిది. ఒకనాడు ఉపన్యాసకులు ‘ట్రయల్ బ్యాలెన్స్’ అనిరి. మరొకనాడు ‘డిప్రిసియేషన్’ అనిరి. నా ప్రక్కవారందరును వ్రాసికొనుచుండిరి. అవి నేను కనివిని యెరుగని శాస్త్రములనియు, పట్టణపు పిల్లలు ముందే చదివి వచ్చిరనియు తలచితిని. అడుగుటకు సిగ్గుపడితిని. ముందు బల్లనుండి నడిమి బల్లకును, నడిమి బల్లనుండి కడపటి బల్లకును జరిగితిని. దసరా సెలవులకు ఇల్లు చేరినవాడను తిరిగి పోనైతిని. ఆ కళాశాల నిందార్హము కాదు, నన్నెవరును వెడలగొట్టలేదు. నా తండ్రి నన్ను ఒక్క మాటయు అనలేదు. మరునాడుదయమున లెక్కల పుస్తకము నా ముందుంచెను. అంతే.

ఈ గ్రంథాలయము తెరచిన కొన్నాళ్లకు తెలుగు అకాడమీవారి పారిభాషిక పదకోశ మొకటి నా చేతికి వచ్చినది. ఊరక పుటలు త్రిప్పుచుండగా ‘ట్రయల్ బ్యాలెన్స్’ కనబడినది. దాని యెదుట ‘అంకణా’ అని యున్నది. ‘డిప్రిసియేషన్’ యెదుట ‘తరుగుదల’ అని యున్నది. అయ్యలారా! అంకణా నాకు తెలియును. తరుగుదల నాకు తెలియును. చిట్టా, ఆవర్జా, ఆస్తి అప్పుల పట్టీ, ఇవన్నియు పరీక్షలో వ్రాసి మార్కులు తెచ్చుకొన్నవాడను. నాకు తెలిసిన విద్యయే వేరొక పేరుతో వచ్చి నిలువగా గుర్తింపలేక, దానికి భయపడి, ఇల్లు చేరితిని. ఆ దినమున ఆ మూలనున్న కుర్చీలో చాలసేపు లేవలేక కూర్చుంటిని.

లెక్కలు వ్రాయువానికి ఇట్టి పొరపాటు రాదగదు. మన ప్రాంతపు భూమినే చూడుడు. 1954-55లో ఖాస్రా పహాణీ వ్రాసిరి. పిదప చెస్సాలా పహాణీ వచ్చినది. అటుపై పాసుపుస్తకములు వచ్చినవి. 2020లో ధరణి యనిరి. 2025లో భూభారతి యనిరి. దస్తరము మారినది, పేరు మారినది, వ్రాయు చేయి మారినది. నేల మాత్రము అదియే. పాత పేరును క్రొత్త పేరును పక్కపక్కన నిలిపి చూపువాడు లేకపోయినచో రైతు తన పొలముననే పరాయివాడగును. విద్యలోను అంతే.

పెద్దల కాలమున ఈ వివేకము లేకపోలేదు. అమరము, శబ్దము నోటికి రాని బాలుని ఎవ్వరును రఘువంశమునకు కూర్చుండబెట్టలేదు. రఘువంశము చదువనివానిని మాఘమునకు పంపలేదు. మెట్టు తరువాత మెట్టు కట్టి యుంచిరి.

హైదరాబాదు రాజ్యమున 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము స్థాపింపబడి, ఉర్దూ మాధ్యమమున బోధన సాగించినది. దానికై ఇంగ్లీషు గ్రంథములను ఉర్దూలోనికి మార్చి, శాస్త్రపదములను కల్పించుటకు దారుల్ తర్జుమా అను అనువాద సంస్థనే నెలకొల్పిరి. విశ్వవిద్యాలయపు గడప దాటవలెనన్న ముందు మాటల వంతెన వేయవలెనని వారు గుర్తించిరి. అయితే ఇంటిలో తెలుగు పలుకు పల్లెపిల్లవాని కట్టి వంతెన లేకపోయినది. ఆ లోటును కొంత తీర్చినవి వసతిగృహములును, గ్రంథాలయములును. రాజబహదూర్ వెంకటరామారెడ్డిగారి పూనికతో 1918లో హైదరాబాదున వెలసిన రెడ్డి హాస్టలు పల్లెలనుండి వచ్చిన విద్యార్థులకు కూడుగూడులతోపాటు పట్టణమున నిలిచెడి ధైర్యమును ఇచ్చినది. సురవరము ప్రతాపరెడ్డిగారు దాని నిర్వహణలో పాలుపంచుకొనిరి. 1901లో వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, 1904లో హనుమకొండలో వెలసిన రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమును పుస్తకములు దాచిన గదులు మాత్రమే కావు. అవి తెలుగు బిడ్డకు తాను ఒంటరి కాడని తెలిపిన చోట్లు. మన గ్రంథాలయము ఆ వంశమున పుట్టినదే.

తరువాతి కాలమున, కళాశాలలలో మూడేండ్ల డిగ్రీకి ముందు విశ్వవిద్యాలయ పూర్వ తరగతి, అనగా పి.యు.సి., ఒక యేడుండెడిది. 1969-70 ప్రాంతమున దానికి మారుగా రెండేండ్ల ఇంటర్మీడియెట్ వచ్చినది. పేరు మారుటతోపాటు ఉద్దేశమును మారినది. నేటి ఇంటర్మీడియెట్ చదువు చాలచోట్ల ప్రవేశపరీక్షకు సాధనగా మిగిలినదే కాని, ప్రవేశించిన తరువాతి జీవనమునకు సాధన కాలేకపోయినది.

ఈ లోపమును గుర్తించిన యత్నములు మన తెలుగునేలయందే కలవు. 2008లో రాజీవ్ గాంధీ విజ్ఞాన సాంకేతిక విశ్వవిద్యాలయమును స్థాపించి, బాసర, నూజివీడు, ఇడుపులపాయలలో విద్యాలయములు తెరచిరి. పదవ తరగతి ముగించిన గ్రామీణ విద్యార్థులను తీసికొని ఆరేండ్లు చదివింతురు. అందు మొదటి రెండేండ్లు పి.యు.సి.యే. ప్రభుత్వ పాఠశాలలలో చదివిన పిల్లలకు ఎంపికలో 0.4 పాయింటు కలుపు నియమము చేసిరి. ఆ సంస్థకు మొదటి కులపతి ఆచార్య రాజ్ రెడ్డిగారు. చిత్తూరు జిల్లాలోని కాటూరు అను పల్లెలో పుట్టి, 1994లో ట్యూరింగ్ పురస్కారము నందిన మహనీయులు. పల్లెనుండి వచ్చిన బిడ్డకు మొదట కావలసినది కాలము అని ఆ ప్రణాళిక చెప్పుచున్నది.

2011లో గాంధీనగరమునందలి ఐ.ఐ.టి.వారు క్రొత్త విద్యార్థులకు మామూలు పాఠములను ఆపి, అయిదు వారములు పునాది కార్యక్రమము నడపిరి. దేశమున మొదటి శ్రేణి విద్యార్థులకే అట్టి అవసరము కలిగెనన్న, మన పిల్లలు సిగ్గుపడనేల? అఖిల భారత సాంకేతిక విద్యామండలివారు ఇంజనీరింగు కళాశాలలలో మూడు వారముల ప్రవేశ కార్యక్రమము జరుపవలెనని 2017లో విధించిరి. విశ్వవిద్యాలయ గ్రాంటుల సంఘమువారు 2019లో ‘దీక్షారంభము’ అను పేర అట్టిదే డిగ్రీ కళాశాలలకును సూచించిరి. కాగితముపై ఇది మేలైన యేర్పాటు. ఆచరణలో ఎన్ని వారములు జరిగినది, ఏమి నేర్పినదియు ఆయా కళాశాలల శ్రద్ధను బట్టి యుండును. పైగా ఆ కార్యక్రమము విద్యార్థి చేరిన తరువాతిది. గడప దాటుటకు ముందరిది కాదు.

అమెరికాలో ఈ పని వేసవిలోనే చేయుదురు. 1964 నాటి ఆర్థికావకాశ చట్టము క్రింద ‘అప్‌వర్డ్ బౌండ్’ అను కార్యక్రమము వచ్చి, బీద కుటుంబముల పిల్లలను వేసవులలో కళాశాల ఆవరణమునకు రప్పించి తరిఫీదు నిచ్చినది. మేరీలాండు విశ్వవిద్యాలయపు బాల్టిమోరు కౌంటీ శాఖలో 1988లో స్థాపించిన మైయర్‌హాఫ్ విద్యార్థివేతన పథకమున, చేరబోవువారందరును ముందు వేసవి తరగతులలో కలిసి యుండి చదువవలసినదే.

అంతకన్న నా మనస్సున నాటుకొన్నది యూరీ ట్రైస్మన్ అను గణితాచార్యుని పరిశీలన. 1970లలో బర్క్లీ విశ్వవిద్యాలయమున గణితము చదువు నల్లజాతి విద్యార్థులు చాలమంది ఎందుకు తప్పుచున్నారని ఆయన విచారించెను. శ్రద్ధ లేదనియు, ఇంటివారి ప్రోత్సాహము లేదనియు, పునాది లేదనియు లోకులు చెప్పిన కారణములు నిలువలేదు. ఆ పిల్లలు ఎంతయో శ్రమించుచునే యుండిరి. కాని ఒంటరిగా శ్రమించుచుండిరి. చైనా సంతతి విద్యార్థులు కలిసి కూర్చుండి, ఒకరి లెక్క నొకరు దిద్దుకొనుచు, ఏది కఠినమో, ఎవరు వెనుకబడిరో పరస్పరము తెలిసికొనుచుండిరి. ఇది కనిపెట్టి ఆయన బలహీనులకు తేలిక పాఠములు పెట్టక, అందరికిని కఠినమైన లెక్కలిచ్చి, కూడి చేయుడని కూర్చుండబెట్టెను. ఫలితములు మారిపోయినవి.

ఇది చదివినపుడు నాకు అరణ్యపర్వములోని ఋతుపర్ణుడు జ్ఞప్తికి వచ్చెను. రథము పోవుచుండగా దారిప్రక్క చెట్టునకు ఆకులెన్నియో కాయలెన్నియో చూచినంతనే లెక్క చెప్పగలవాడాతడు. బాహుకుని వేషమున నున్న నలునికి ఆ విద్య రాదు. ఆతనికి గుఱ్ఱముల మర్మము తెలియును. నలుడు రథమాపి, లెక్కించి చూచి, ఆ మాట నిజమని యొప్పుకొని, నాకు నేర్పుమని యడిగెను. ఇరువురును తమ విద్యల మార్చుకొనిరి. రాజు సారథివద్ద నేర్చుటకు సిగ్గుపడలేదు. సారథి తనకు తెలియదనుటకు సిగ్గుపడలేదు. అడిగిన క్షణముననే నలుని దుర్దశకు విరుగుడు మొదలైనది. నాకు 1988లో లేకపోయినది ఆ ఒక్క ప్రశ్న అడుగు ధైర్యమే.

అయ్యా, అమ్మా, ఇది నా ఒక్కని పాతకథ అయినచో ఇంత చెప్పియుండను. గత వత్సరము మన ఊరి ఆడబిడ్డ యొకతె దూరపు కళాశాలలో చేరి దసరాకే తిరిగి వచ్చినది. చదువు అబ్బలేదని వాడలో అనుకొనిరి. ఆ బిడ్డను పిలిచి మెల్లగా అడిగితిని. తరగతిలో ఆమెకు మార్కులు తక్కువ రాలేదు. ఉపకారవేతనము రావలసిన బ్యాంకు ఖాతాలో పేరు ఒక తీరున, ధ్రువపత్రములో మరొక తీరున నున్నవి. డబ్బు రాలేదు. భోజనపు బాకీ పెరిగినది. ఎవరిని కలువవలెనో తెలియదు. ఇంటిలో చెప్పినచో తండ్రి అప్పు చేయునని చెప్పలేదు. రెండక్షరముల తప్పునకు ఒక యేడు పోయినది. అట్టి తప్పులను దిద్దుటయే నా వృత్తి! నా అరుగునకును ఆ బిడ్డ యింటికిని నడుమ నాలుగిండ్లు. ఆమె అడుగలేదు, నేను అడుగలేదు. ఆ బిడ్డ ఈ వత్సరము మరల చేరనున్నది.

కావున కార్యవర్గమువారికి నా మనవి. మే నెల నడుమనుండి జూన్ చివరివరకు నలువది దినములు, మనవారి మాటలో ఒక మండలము, ఈ గ్రంథాలయమున పై చదువులకు పోవు పిల్లలకు తరగతి నడుపుదము. రోహిణి కార్తె యెండలకు వెరచి ప్రొద్దున ఆరున్నర మొదలు తొమ్మిదిన్నర వరకు చాలును. సాగరు కాలువకు నీరు విడిచి, నాట్లు పడునాటికి పిల్లలచేతులు ఇంటివారికి కావలసివచ్చును. అంతకు ముందే ముగింపవలెను.

మొదటి పని మాటల పుస్తకము. జమాఖర్చుల పుస్తకమువలె ఎడమ ప్రక్క తెలుగు మాట, కుడి ప్రక్క ఇంగ్లీషు మాట. ఎవరి శాస్త్రము వారు వ్రాసికొనవలెను. త్వరణము ‘యాక్సిలరేషన్’ అనియు, ఉత్ప్రేరకము ‘కెటలిస్ట్’ అనియు ముందే తెలిసిన బిడ్డ కడపటి బల్లకు జరుగదు. రెండవది వినుట. సెలవులకు వచ్చిన పై తరగతి విద్యార్థి యొకడు దినమున కొక గంట ఇంగ్లీషున పాఠము చెప్పవలెను. తక్కినవారు వ్రాసికొని, ఎవరికేమి వినబడినదో సరిచూచుకొనవలెను. మూడవది కూడి చేయుట. దినమునకు రెండు కఠినమైన లెక్కలు. ఎవడును ఒంటరిగా చేయరాదు. తెలియనిది తెలియదని పదిమందిలో పలుకుట ప్రతివారును ఒకసారియైన అభ్యసింపవలెను.

నాలుగవది కాగితములు. అది నా వంతు. ఆధారు, బ్యాంకు ఖాతా, కుల ధ్రువపత్రము, ఆదాయ ధ్రువపత్రము, బదిలీ పత్రము, వీటిలో పేరు, పుట్టిన తేదీ అక్షరమక్షరము కలియుచున్నవో లేదో ప్రతి బిడ్డకును నేను చూచెదను. అయిదవది బ్రదుకుతెరువు: నెల డబ్బు లెక్క వ్రాయుట, జ్వరము వచ్చిన ఎవరికి చెప్పవలెనో తెలియుట, పెద్ద విద్యార్థులు బాధించినచో ఓర్చుకొనవలసిన పనిలేదని తెలియుట. ర్యాగింగును నిషేధించు చట్టము మన రాష్ట్రమున 1997లోనే వచ్చినది. చట్టమున్నదని తెలియని బిడ్డకు చట్టము లేనట్లే.

ఆడపిల్లల తలిదండ్రులతో ఒక మాట. హైదరాబాదున 1924లో మొదలైన కోఠీ మహిళా కళాశాల 2022లో విశ్వవిద్యాలయమై, నేడు చాకలి ఐలమ్మ పేరు వహించియున్నది. నూరేండ్ల క్రిందట ఆడుబిడ్డలను పంపిన తలిదండ్రులకును మీ భయమే యుండెను. భయము పోవుటకు మార్గము బిడ్డను ఆపుట కాదు, ముందుగా సిద్ధపరచుట.

నలువది దినములు అన్నిటికిని మందని నేను చెప్పను. సాగరు ఎడమ కాలువ క్రింది రైతులకు తెలియును: పెద్ద కాలువ వచ్చినంతమాత్రమున చివరి పొలమునకు నీరందదు. మేజరు, మైనరు దాటి, పిల్లకాలువ త్రవ్వవలెను; ప్రతియేట పూడిక తీయవలెను. కళాశాలలు పెద్ద కాలువలు. మనము త్రవ్వవలసినది ఈ పిల్లకాలువ. పూడిక తీయుటకై దసరా సెలవులలో ఆ పిల్లలందరిని మరల ఇచ్చటికి పిలువవలెను. నేనును, ఆ బిడ్డయు, ఇరువురమును దసరాకే తిరిగి వచ్చితిమి. ఆ పండుగనాడు ఒక్కొక్కరిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, ‘ఎట్లున్నది నాయనా? ఏమి కష్టము తల్లీ?’ అని అడిగినవారున్నచో తిరుగు బస్సు ఎక్కియుందుము.

వ్యయమును గూర్చి కార్యవర్గమువారు అడుగుదురు. రజతోత్సవ నిధిలో మిగిలిన సొమ్ముతో స్వాగత తోరణము కట్టవలెనని తీర్మానమున్నది. తోరణము వలదని నేననను. గ్రంథాలయమునకు శోభ కావలసినదే. కాని నల్లబల్ల, పదకోశములు, మాటల పుస్తకములు, పిల్లలకు ప్రొద్దుటి ఫలహారము, అన్నియు కలిపి నేను వేసిన లెక్కకు తోరణపు వ్యయములో అయిదవ వంతు మించదు. తోరణము నాలుగడుగులు తగ్గినను లోపలికి వచ్చువారికి తల తగులదు. ఆ లెక్క కాగితము అధ్యక్షులకు ఇచ్చియున్నాను, తప్పులున్న దిద్దుడు.

ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయపు పుస్తకముల పట్టికలో ఎవరేమి తీసికొనిపోయిరో, ఎన్నడు తిరిగి ఇచ్చిరో వ్రాసియున్నది. మరియొక పట్టికను నేను ఈ యేడు మొదలుపెట్టెదను. అందు మన ఊరినుండి పోయిన పిల్లల పేర్లుండును. పుస్తకము తిరిగి రాకపోయిన మనకు నష్టము. ఈ పట్టికలో మాత్రము, చదువు ముగియకమునుపు తిరిగి వచ్చినవారి గడి ఖాళీగా నుండవలెను. అందు వ్రాయదగిన మొదటి పేరు నాది. ముప్పదియేడేండ్లకు పైబడిన పద్దు. దాని క్రింద మరియొక పేరు చేరకుండ చూచుట మనయందరి పని.